పొద్దు వాలాక బ్యాటింగు

నందిగామ,
శుక్రవారం.

చిరంజీవి శాంతికుమార్‌ని అమ్మ దీవించి రాసేది. దేవుని దయవల్ల నేను, మీ నాన్న, మహిమ బాగున్నాం. నువ్వు కూడా బాగున్నానని రాశావు. సగమే నమ్మాను.

క్రికెట్ క్యాంపులో ఫోన్లు తీసేసుకోవడం ఒకందుకు మంచిదే అయింది, ఉత్తరాలు రాస్తున్నావు. చెల్లి పరీక్షల సంగతి అడిగావు. బాగానే రాసిందట, దాని మాటా సగమే నమ్ము. పచ్చడి అప్పుడే అయిపోయిందా? ఒక్కడివే తిన్నావా, గదిలో అందరికీ పంచావా?

"నన్ను నైట్ వాచ్‌మన్‌ని చేశారమ్మా" అని సంబరంగా రాశావు. నాకెందుకో అనుమానం వచ్చింది. మా స్కూల్లో ఆటల మాస్టారు డేవిడ్‌రాజు గారిని అడిగాను.

"రోజుల తరబడి ఆడే మ్యాచుల్లో మాటండీ అది. సాయంత్రం ఆట ఆపే ముందు వికెట్ పడిందనుకోండి. వెలుతురు తగ్గిపోద్ది, బంతి సరిగ్గా కనపడదు. అప్పుడు మంచి బ్యాట్స్‌మన్‌ని దాచుకుని, ఔటైనా పర్లేదనుకున్నోణ్ణి దింపుతారు. పాతకాలం నుంచీ ఉన్నదే. ఒక ఆస్ట్రేలియా బౌలరైతే అట్టా దిగి డబుల్ సెంచరీ కొట్టాడు."

ఆ డబుల్ సెంచరీ నా చెవికెక్కలేదు. ఔటైనా పర్లేదనుకునేవాడు నా కొడుకా? మరి ఎవర్ని దాచుకుంటున్నారు? మీ తాత ఎవరి పొలంలో కూలి చేశాడో, ఆ చిన్నబాబు గారి మనవడు, మీ జట్టులోనే ఉన్న సతీష్‌బాబునే కదా! కోచ్ కూడా వాళ్ళ మనిషేనని తేల్చేసుకున్నాను.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను, కోప్పడకు. కోచ్‌ని నిలదీద్దామని మంగళవారం జగ్గయ్యపేట బస్సెక్కి వచ్చాను. మీ టెంట్ వెనకే నిలబడ్డాను. పొద్దు వాలుతోంది.

"ఇప్పుడు వికెట్ పడితే ఎవరు పోతార్రా?" అని కోచ్ అందరినీ అడిగాడు. సతీష్‌బాబు ప్యాడ్లు కట్టుకునే ఉన్నాడు. వాడు నోరు తెరిచేలోపే, "నేను పోతా సార్" అని నువ్వు లేచావు.

నిన్నెవరూ పంపలేదు. పోట్లాడ్డానికి ఎవరూ దొరక్క, నీకు కనబడకుండానే వచ్చేశాను. బస్సులో ఏడుపొచ్చింది.

సతీష్‌బాబు వాళ్ళ నాన్న టీ కొట్టు దగ్గరికి వస్తే, మీ నాన్న ఇప్పటికీ బల్ల మీంచి లేస్తారు. ఆయన మీ నాన్నకన్నా చిన్నవాడు. "కూర్చో వరప్రసాదూ" అన్నా కూర్చోరు. నేనూ టీచర్నయ్యుండి కొంగు సర్దుకుని లేస్తాను. నువ్వు ఇదంతా చూస్తూ పెరిగావు. ఇప్పుడు నా అనుమానం కోచ్ మీద కాదు, మా ఇద్దరి మీద.

ఆట నీ ఇష్టం నాన్నా. ఈసారి కోచ్ అడిగినప్పుడు మాత్రం కాసేపు కూర్చో. ఇంకెవరైనా లేస్తారేమో చూడు. ఎవరూ లేవకపోయినా కూర్చోవచ్చు.

ఇట్లు,
నీ కోసం తనూ కూర్చోవడం నేర్చుకుంటున్న
అమ్మ, జయమణి.