నేను లేపిన పిట్టలు

1983 ఆగస్టు, ఆదివారం రాత్రి

సుజాతా, ఇది నా డైరీయే అయినా ఈ పేజీ నీకోసం తెరిచి బల్ల మీద పెడతాను. నోటితో అడగలేకపోయాను. నా కోడిగీతలకూ తప్పులకూ ఏమీ అనుకోకమ్మా.

ఇవాళ మీరుంటున్న ఈ పరాయిదేశంలో, సముద్రం పక్క మడుగుల్లో, బురద మీద వాలిన ఆ చిన్న పిట్టల గుంపును చూడగానే నా చేతులు వాటంతటవే లేచాయి. "హోయ్" అని కేకేసి చప్పట్లు కొట్టాను. జొన్నచేలో మంచె మీద చిన్నప్పటినుంచీ నా పని అదే కదా. గుంపంతా ఒక్కసారిగా లేచిపోయింది.

"మామయ్యగారూ, రాళ్లు విసరడానికి వడిసెల కూడా తెచ్చారా?" అని అల్లుడు నవ్వాడు. టెలిస్కోపుతో పిట్టల్ని లెక్కపెడుతున్న ముసలామె మాత్రం నవ్వలేదు. ఆమె ఇంగ్లీషు మాటలు నువ్వే తెలుగులో చెప్పావు. "ఉత్తరం నుంచి వచ్చాయట నాన్నా. ఇక్కడ తిని ఒళ్లు చేస్తేనే ఆగకుండా సముద్రం దాటగలవట. ఊరికే లేపితే ఆ బలం కాస్తా పోతుందట."

కాసేపటికి గుంపు తిరిగి వాలి మేతలో పడింది. ఒక్కటి మాత్రం దూరంగా, రెక్క వేలాడేసి నిలబడిపోయింది. మనం కారెక్కేదాకా ముక్కు బురదలో పెట్టలేదు. "రెస్ట్ తీసుకుంటోందిలే నాన్నా" అన్నావు. అంత దూరం ఎగిరొచ్చి అప్పుడే వాలి అలిసిపోయిందో, ముందే దెబ్బ తగిలిందో, నా కేకకే అలా అయిందో. అన్నం సహించలేదు.

ఆ ముసలామె రేపు కూడా అక్కడికి వస్తానంది, నంబరు నీ దగ్గరుంది. ఆఫీసుకి వెళ్లేముందు ఫోన్ చేసి, అది మేస్తోందో లేదో చూసి చెప్పమను. ఏదైనా సరే, దాచకుండా త్వరగా చెప్పమ్మా.