మెట్ల కింద చోటు, కుడిచెయ్యి నలిగిన చొక్కా

ఈ కాగితం రాయకుండానే పోదామనుకున్నాను. ఆస్తి చూడబోతే ఒక బల్ల, ఒక బొగ్గుల ఇస్త్రీ పెట్టె, ఒక సీసా. దీనికి వీలునామా ఏమిటయ్యా పెద్దాయనా అని దస్తావేజులు రాసే ఆయనే నవ్వాడు. పోయిన నెల పదిహేడో తారీకు మీటింగు తర్వాత మనసు మార్చుకున్నాను. కోపాన్ని కూడా ఊరికే పోనివ్వకూడదు, ఎవరికో ఒకరికి రాసిచ్చి పోవాలి.

కాబట్టి, ఈ అపార్టుమెంటు మెట్ల కింద ముప్పై ఒక్క ఏళ్లుగా ఇస్త్రీ చేస్తున్న నేను, డెబ్బై మూడో ఏట, స్థిరబుద్ధితో, పూర్తి స్పృహతో, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా, నా స్వహస్తంతో రాస్తున్న వీలునామా ఇది. కోపంలో రాస్తే చెల్లదేమోనని ముందే అడిగాను. మతి ఉంటే చాలు, శాంతం అక్కర్లేదన్నాడు దస్తావేజుల ఆయన.

1. నా కూతురికి: బల్ల, దాని మీద నాలుగు మడతల దుప్పటి, ఇస్త్రీ పెట్టె, బొగ్గుల డబ్బా, మెట్ల కింద ఏడడుగుల చోటు. నా తదనంతరం వీటిని సర్వహక్కులతో అనుభవించవలసింది. ఆ చోటు నీదెలా అయిందని అడిగేవాళ్లు ఇప్పుడు తయారయ్యారు. బిల్డింగు కట్టిన రోజున మేస్త్రీ, "ఇక్కడ మనిషన్నవాడు నిలబడలేడు, వంగి బతికేవాడికైతే పనికొస్తుంది" అన్నాడు. నేను వంగాను. వాళ్లమ్మ పోయినప్పటినుంచీ, అంటే పన్నెండేళ్లుగా, కూతురూ నా పక్కనే వంగింది. చోటుకి కాగితం లేదు. నా నడుము ఉంది, అనుమానమున్నవాళ్లు వచ్చి చూసుకోవచ్చు.

2. నా కొడుకుకి: బల్ల కింద కట్టలు కట్టి ఉన్న పాత పేపర్లు. వీడు అత్తారింట్లో "మా నాన్నది బట్టల వ్యాపారం" అని చెప్పుకున్నాడు. అబద్ధమేమీ కాదు. అయినా పెళ్లిలో నన్ను మాట్లాడనివ్వకుండా నోట్లో స్వీటు పెట్టడం మాత్రం నేను మరిచిపోలేదు.

పేపర్లు ఎందుకంటే, నాకు బడి లేదు. చొక్కా మడిచేటప్పుడు మధ్యలో పెట్టే పేపరే నా బడి. పైఅంతస్తుల వాళ్లు ఇచ్చేవి వారం పాతవి. అదీ మంచిదే. వార్త కూడా ఇస్త్రీ పెట్టె లాంటిదే, వేడి మీద పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. వారానికి చల్లారుతుంది. అప్పుడు ఎత్తి బరువు చూడొచ్చు. యుద్ధం మొదలుపెట్టినవాడు శాంతి కోసమేనన్నాడు. ఎన్నికల్లో గెలిచినాయనా ఓడినాయనా ఇద్దరూ ప్రజలే గెలిచారన్నారు. మూడు వేలమందిని ఇంటికి పంపిన కంపెనీ, మా కుటుంబం చిన్నదైందని బాధపడింది. ఇలాంటివి కనిపించినప్పుడల్లా చించి దాచాను. ఇవన్నీ ఎక్కడో దూరాన జరుగుతాయనుకున్నాను, అది నా తెలివితక్కువతనం.

3. మూడో అంతస్తు మాస్టారికి: ఆయనదే ఒక చొక్కా. దీనికి కొంచెం కథ ఉంది.

మాస్టారు కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ప్రతి గురువారం తన బట్టలు తనే పట్టుకుని దిగొచ్చి, మూడో మెట్టు మీద కూర్చుని, నేను చించి దాచిన ముక్కలు చదివేవారు. చొక్కా ఎంత తెల్లగా ఉన్నా మురికి కాలరు లోపల ఉంటుందని ఒకసారి నేనన్నాను. ఆయన లేచి బల్ల దగ్గరికి వచ్చి, పై మెట్టుకి తల కొట్టుకుని, వెనక్కెళ్లి కూర్చున్నారు. "నలభై ఏళ్లు పిల్లలకి చెప్పింది ఇదేనయ్యా. ఎవడైనా ప్రశ్న అడిగితే జవాబు వెతక్కు, ముందు ఆ ప్రశ్న కాలరు తిప్పి చూడు" అన్నారు. పెద్ద చదువు చదివినాయన నా మాటకి తల వాయగొట్టుకున్నాడని నెల్లాళ్లు గొప్పగా తిరిగాను.

పదిహేడో తారీకు మీటింగులో ప్రెసిడెంటుగారు లేచి, "మన మెట్ల కింద శుభ్రంగా ఉండాలనుకునేవాళ్లు చేతులెత్తండి" అన్నారు. ఇవ్వాల్సిన బట్టల దొంతరతో నేను గుమ్మంలోనే ఉన్నాను. అడిగింది నా బల్ల గురించేనని కొందరికి తెలిసింది, పదకొండుమంది చెయ్యి ఎత్తలేదు. మాస్టారు ముందు వరసలో, ఒళ్లో పుస్తకంతో ఉన్నారు. పుస్తకంలోంచి తల ఎత్తకుండా చెయ్యి మాత్రం ఎత్తారు. అది పన్నెండో చెయ్యి, దాంతోనే లెక్క తేలిపోయింది. మర్నాడు నోటీసుబోర్డు మీద "ఇస్త్రీ బల్లను వచ్చే నెలాఖరులోగా తొలగించుటకు తీర్మానించడమైనది" అని అంటించారు. శుభ్రమనే మాట అందులో ఎక్కడా లేదు.

ప్రెసిడెంటు మీద నాకు ఇంత మంట లేదు. ఆయన పని ఆయన చేశాడు. శుభ్రం వద్దని ఎవడంటాడు? కానీ ప్రశ్న కాలరు తిప్పమని నాకు నేర్పిన మనిషి, నా కూతురి తిండికి సంబంధించిన ప్రశ్నని తిప్పకుండానే తొడుక్కున్నాడు. పుస్తకంలో ఏ పేజీ అంత ముఖ్యమైందో నాకు తెలియాలి.

ఆ గురువారం మాస్టారు దిగలేదు. సంచి ఒక్కటే లిఫ్టులో దిగింది. అందులో మీటింగుకి వేసుకొచ్చిన చొక్కా ఉంది. వీపు, కాలరు, ఎడమచెయ్యి ఇస్త్రీ చేశాను. కుడిచెయ్యి దగ్గరికొచ్చేసరికి పెట్టె పక్కన పెట్టేశాను. ముప్పై ఒక్క ఏళ్లలో సగం చేసి వదిలిన బట్ట అదొక్కటే. సదరు చొక్కాను, కుడిచెయ్యి నలిగింది నలిగినట్టే ఉంచి, నా తదనంతరం మాస్టారికి అందజేయవలసింది.

4. ప్రెసిడెంటుగారికి: ఆయన ప్యాంట్లకి నేను వేసిన మడతలు. అవి ఇప్పటికే ఆయన దగ్గరున్నాయి. పనిలో పనిగా ఒక లెక్క. ఆ రోజు ఎత్తిన పన్నెండు చేతుల్లో తొమ్మిది నేను ఇస్త్రీ చేసినవే. అంత నిటారుగా లేచాయంటే అందులో నా పనితనం కూడా ఉంది.

5. నా మనవరాలికి, అంటే కూతురి కూతురికి: గుండీల సీసా. ఊడిపోయినవి, ఎవరూ అడగనివి, వెయ్యికి పైనే ఉంటాయి. చొక్కాకి గుండీ పోయిందనే అందరూ అంటారు. "ఈ గుండీల చొక్కాలన్నీ ఎక్కడ తప్పిపోయాయి తాతా?" అని అడిగింది ఇదొక్కతే. మాస్టారికి చెబితే పరవశించిపోయేవారు. చెప్పలేదు, మాటల్లేవుగా. తల్లీ, సీసా మూత బిగుతు, పళ్లతో తియ్యకు.

6. ఈ వీలునామా అమలుచేసే బాధ్యత నా కూతురిదే. దానికి నా కంటే ఓపిక ఎక్కువ, నోరూ ఎక్కువే.

తేదీ: ఈ నెల ఇరవై మూడు, గురువారం.

సంతకం: ఇస్త్రీ తాత
(పిల్లలు పెట్టిన పేరు. రేషను కార్డులో ఉన్న పేరుతో పిలిస్తే నేనే పలకను.)

సాక్షులు:
1. లిఫ్టు మెకానిక్
2. మూడో అంతస్తు మాస్టారు

తా.క. రెండో సాక్షిగా వస్తానన్న పాలాయన రాలేదు. లిఫ్టు రిపేరులో ఉండడంతో మాస్టారు మెట్లు దిగి వచ్చారు. నిలబడే కాగితమంతా చదివారు, మూడో నంబరు రెండుసార్లు చదివారు. సాక్షి సంతకం పెట్టినవాళ్లకి ఇందులో ఏమీ చెందదని దస్తావేజుల ఆయన హెచ్చరించాడు. "చొక్కా పోతే పోనీ. ఒకటో నంబరుకి సాక్షి కావాలి కదా" అన్నారు మాస్టారు. సంతకం పెట్టి, మళ్లీ మీటింగు పెట్టమంటూ ప్రెసిడెంటుకి రాసిన ఉత్తరం నాకు చూపించారు. ప్రశ్న ఏమిటో అందులో ఆయనే రాశారు: "ఇస్త్రీ బల్ల ఉండాలా, తీసెయ్యాలా?" నేను కాలరు తిప్పి చూశాను. బాగానే ఉంది. నా కోపం ఇంకా పోలేదని ఆయనతో చెప్పాను, ఉండనీ అన్నారు.

మూడో నంబరు ఈ విధంగా రద్దయింది. పెట్టెలో నిప్పు ఉంది కనుక కుడిచెయ్యి కూడా ఇస్త్రీ చేసి, చొక్కా మడిచి, మధ్యలో పేపరు పెట్టి ఆయన చేతికిచ్చాను.