తగలని ఉంగరం

జనవరి 8

మోసం. దీనికి ఇంకో మాట లేదు. టెలిస్కోప్ బాక్స్ మీద 675 పవర్ అని అరచేయంత అక్షరాలతో అచ్చేశారు. పక్కన శనిగ్రహం బొమ్మ. గుమ్మడికాయంత. ఎర్రటి ఉంగరాలు. లోపల ఉన్నది నా మణికట్టంత గొట్టం, కొంగ కాళ్ళలాంటి స్టాండు. డాబా మీద నిలబెడితే గాలి అక్కర్లేదు, నా ఊపిరికే ఊగుతోంది. చందమామని పట్టుకుంటే పొంగబోతున్న పాలలా కుతకుతలాడింది. శని అసలు దొరకలేదు. ఇదే శని అనుకున్నవన్నీ ఎదురు అపార్ట్‌మెంట్ వాళ్ళ బాల్కనీ లైట్లు.

అక్క స్టూలు మీద కూర్చుని ఎదురు చూసింది. ఇంకా కాలేదారా అని రెండుసార్లు అడిగింది. తర్వాత అడగడం మానేసింది. అడిగినప్పుడు విసుగొచ్చింది. మానేశాక ఏడుపొచ్చింది.

జనవరి 9

షాపుకి వెళ్ళా. అమ్మినవాడే ఉన్నాడు. మెడకి టై. వాడి పేరు నాకు అక్కర్లేదు, టై చాలు. బాక్స్ ఓపెన్ అయింది కదా సార్, వాపస్ తీసుకోం అన్నాడు. ఓపెన్ చేయకుండా గొట్టంలోంచి ఎలా చూడాలయ్యా అన్నా. చాలామంది చూడరు సార్, హాల్లో పెట్టుకుంటారు, లుక్ బాగుంటుంది అన్నాడు. మరి 675 ఎక్కడుంది చూపించు అన్నా. బాక్స్ మీద వేలు పెట్టి చూపించాడు.

వాణ్ణి కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో ఇప్పటికీ అర్థం కావడం లేదు.

జనవరి 11

అక్క కళ్ళ సంగతి ఎక్కడా రాసుకోలేదు. రాస్తే నిజమైపోతుందని భయం. రాయకపోయినా నిజమే అవుతోంది.

ముందు చీకట్లో కనపడడం మానేసింది. తర్వాత పక్కల చూపు పోవడం మొదలైంది. ఎదురుగా పెట్టిన సూదిలోకి దారం ఎక్కిస్తుంది, పక్కనున్న తలుపుకి గుద్దుకుంటుంది. అమ్మ చాలా కాలం దాన్ని పొగరు అనుకుంది. పిల్లకి నేల మీద కాళ్ళు ఆనవు అని తిట్టేది. ఇప్పుడు ఆ తిట్లు గుర్తొచ్చినప్పుడల్లా వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చప్పుడు చేస్తుంది.

కళ్ళ డాక్టరు ఒక బొమ్మ చూపించాడు. మధ్యలో తెల్లటి మచ్చ, చుట్టూ నలుపు. ఆ తెలుపే అక్కకి మిగిలిన లోకం. మందు లేదు, ఆపరేషన్ లేదు, కళ్ళజోడుతో పోయేది కాదు అన్నాడు. ఎన్నాళ్ళుంటుంది అంటే చెప్పలేం, కొందరికి ఏళ్ళ తరబడి ఆగుతుంది, కొందరికి ఆగదు అన్నాడు.

నేను పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. వెనక గదిలో, గ్లాసుని ఫ్రేము ఆకారానికి అరగదీసే మిషను మీద. ఈ చుట్టుపక్కల సగంమంది ముక్కుల మీద నా పని ఉంది. మా అక్క ముక్కు మీద పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు.

డాక్టరు దగ్గర్నుంచి వస్తూ అడిగా, ఏం చూడాలనుందే నీకు అని. సముద్రం అంటుందేమో, కొండలు అంటుందేమో అనుకున్నా. శనిగ్రహం అంది. బళ్ళో మాస్టారుని అడిగిందట, వేలికి తగలకుండా ఉంగరం ఎలా నిలబడుతుంది సార్ అని. వెధవ ప్రశ్నలు వేయకు, పుస్తకంలో ఉంది, రాసుకో అన్నాడట. రాసుకుంది. నమ్మలేదు. నా కళ్ళతో చూస్తేగానీ నమ్మనురా అంది.

అమ్మకి చెప్తే నెత్తి కొట్టుకుంది. ఇంట్లో పట్టింది చాలదా, పైనున్న దాన్ని కూడా గొట్టం పెట్టి పిలవాలా అంది.

జనవరి 16

తప్పు టై ఒక్కడిదే కాదు. నాదీ ఉంది.

లైబ్రరీలో ఒక పాత పుస్తకం దొరికింది. భోజనం బ్రేకులో చదివా, ఫోన్లో వీడియోలు చూశా. పవర్ అనేది అసలు లెక్కే కాదట. లెక్క గొట్టం నోటిది. నోరు ఎంత వెడల్పుంటే అంత వెలుతురు తాగుతుంది. నోటి వెడల్పు మిల్లీమీటర్లలో ఎంతో, దానికి రెండింతల దాకే పవర్ పనిచేస్తుంది. నా గొట్టం నోరు యాభై. అంటే వంద. మిగతాదంతా గాలి కబుర్లు.

ఇది తెలియక కొన్నానా అంటే, తెలియకపోవడం కాదు, తప్పుగా తెలియడం. మా షాపులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా వినపడే మాట ఒక్కటే, పవర్ ఎంత? చూపు తగ్గింది, పవర్ పెంచు. ఇంకా తగ్గింది, ఇంకా పెంచు. అక్క చూపు అందరికంటే అధ్వాన్నం కాబట్టి అన్నింటికంటే పెద్ద పవరున్న బాక్స్ ఏదో అదే పట్టుకొచ్చా. వేరే ఎవడైనా అయితే స్టాండు ఊపి చూసేవాడు, నోరు చూసేవాడు. నేను అంకె చూశా.

ఇంకో పేజీలో ఉంది. పవర్ పెంచేకొద్దీ కనపడే జాగా ఇరుకవుతుంది, వెలుతురు తగ్గుతుంది.

ఇరుకు. చీకటి. అక్క జబ్బు ఏం చేస్తోందో అదే చేసే వస్తువుని బాక్స్‌లో పెట్టించుకుని తెచ్చానన్నమాట.

జనవరి 17

పనిలో రెండు గ్లాసులు పగలగొట్టా. ఓనరు, చేతులు ఇక్కడ, బుర్ర ఎక్కడయ్యా అన్నాడు. పైన అన్నా.

జనవరి 19, రాత్రి ఏడున్నర

పెద్ద పవర్ ఐపీస్ తీసి అవతల పారేశా. ఐపీస్ అంటే కన్ను పెట్టి చూసే బుల్లి గ్లాసు ముక్క. తక్కువ పవర్‌ది పెట్టా. స్టాండు కాళ్ళకి ఇటుకలు కట్టా. చివరికి శని దొరికింది! నేను చూశా! పాలిపోయిన వేరుశనగ గింజలా ఉంది. ఎగిరి పడుతోంది, అయినా శని. అక్కా రా అని అరిచా.

అక్కకి గొట్టం ఎక్కడుందో కనపడలేదు. చెయ్యి పట్టుకుని తెచ్చా. కన్ను ఆనించేసరికి గొట్టం కదిలింది. మళ్ళీ పట్టుకున్నా. మళ్ళీ కదిలింది. ఇలా ఎన్నిసార్లయిందో. నేను పళ్ళు కొరుకుతున్నా. అది వినపడిందేమో.

అప్పుడు అంది, ఆఁ, కనపడిందిరా! అబ్బ, ఎంత పెద్దగా ఉందో! ఎర్రటి ఉంగరాలు, భలే ఉన్నాయి. చాలు, నీకు పుణ్యముంటుంది, దిగుదాం పద.

ఎర్రగా.

అది చూసింది బాక్స్ మీద బొమ్మ.

జనవరి 20

అక్కని ఏమీ అనలేదు. నేను నమ్మాననుకుంటోంది. పొద్దున్న అమ్మకి కూడా చెప్పింది, తమ్ముడు చూపించాడమ్మా అని. అమ్మ నా వీపు మీద చెయ్యి వేసింది. ఆ చేతి కింద నేను నిలబడలేకపోయా. నన్ను ఓదార్చడానికి అక్క తన ఒక్కగానొక్క కోరికని వదిలేసింది. ఇంత కోపం నాకు టై మీద కూడా రాలేదు.

జనవరి 24

ఒక బస్సు డ్రైవరు కళ్ళజోడు కాడ ఊడిందని వచ్చాడు. స్క్రూ బిగించడానికి ఓనరు నన్ను పిలిచాడు. నా జేబులో మడతపెట్టిన టెలిస్కోప్ కాగితాలు చూసి, నీకూ ఈ పిచ్చేనా తమ్ముడూ అన్నాడు డ్రైవరు. కడుపులో ఉన్నదంతా కక్కేశా. 675 అనగానే నవ్వాడు. హారన్ గట్టిగా మోగితే బస్సు గట్టిగా నడుస్తుందా అన్నాడు.

ఆయన దగ్గర ఒకటుందట. గొట్టం అడుగున అద్దం ఉన్న రకం. నోరు నూటముప్ఫై. మూడు కాళ్ళ స్టాండు లేదు, గుండ్రటి చెక్క పీట మీద తిరుగుతుంది, స్టూలు మీద పెడితే కొండలా కూర్చుంటుందట. ఇప్పుడు బీరువా మీద ఉంది. ఎందుకు దించలేదంటే నడుం నొప్పి ఒకటి, వాళ్ళావిడ ఒకటి. పక్కింటి కిటికీలు చూడ్డానికే కొన్నావు అంటుందట. కిటికీలు తలకిందులుగా కనపడతాయే, నాకేం లాభం అన్నా వినదట.

అమ్ముతారా అన్నా. నీ దగ్గర ఏముంది అన్నాడు. సైకిల్ ఉంది అన్నా. మా అమ్మాయి కాలేజీకి సైకిల్ అడుగుతోంది అన్నాడు.

జనవరి 26

సైకిల్ పోయింది. గొట్టం వచ్చింది. చూడ్డానికి అందంగా లేదు. అమ్మ చుట్టూ తిరిగి, ఇది పాల క్యానురా, నిన్ను మళ్ళీ ముంచారు అంది. ఏలినాటి శని అయినా ఏడున్నరేళ్ళకి వదులుతుంది, నీ పిచ్చి వదలదు అంది.

అక్క మాత్రం, మొన్న చూశాంగా, మళ్ళీ ఎందుకురా అంది. గొంతులో భయం ఉంది. పట్టుబడతానని.

జనవరి 27

మబ్బు.

ఫిబ్రవరి 2

మబ్బు. నడిచి వెళ్తున్నా కదా, పనికి ఆలస్యం. ఓనరు గడియారం చూపించాడు. నేను ఆకాశం చూపించాను. ఆయనకి అర్థం కాలేదు.

ఫిబ్రవరి 6

మబ్బు. ఆకాశం కూడా టై కట్టుకుంది. శని రోజు రోజుకీ కిందికి దిగుతోంది. ఈ నెల దాటితే సూర్యుడి వెలుగులో కలిసిపోతుంది. ఆ లోపే ఎదురు అపార్ట్‌మెంట్ నీళ్ళ ట్యాంకు అడ్డం వస్తుంది.

ఫిబ్రవరి 11

డాక్టరు మళ్ళీ పరీక్ష చేశాడు. పాత బొమ్మా కొత్త బొమ్మా పక్కపక్కన పెట్టాడు. చెప్పనక్కర్లేదు. తెల్ల మచ్చ చిన్నదైంది. బయటికొచ్చాక అక్క, ఆ డాక్టరు చొక్కా గుండీ ఒకటి ఊడింది చూశావా అంది. నవ్వించాలని. మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. తర్వాత తనే పట్టుకుంది.

ఫిబ్రవరి 15

చాలా రాత్రయింది. అయినా రాస్తా.

సాయంత్రం ఆకాశం తుడిచినట్టుంది. డ్రైవరు చెప్పినట్టే గొట్టాన్ని ముందుగా డాబా మీద పెట్టి గాలికి చల్లారనిచ్చా. ఐపీస్ అంచు చుట్టూ తెల్ల టేపు అంటించా, అక్కకి అది కనపడాలని. సూర్యుడు దిగాడు. ఇంకా వెలుతురుండగానే ట్యాంకు పక్కన చుక్క తేలింది. తక్కువ పవర్‌తో పట్టుకున్నా. కదల్లేదు! తర్వాత కొంచెం పెద్దది పెట్టా.

అక్క రానంది. నిన్ను ఎత్తుకొస్తా అన్నా. తిట్టుకుంటూ వచ్చింది. వంగబోయి గొట్టానికి నుదురు కొట్టుకుంది. శని పోయింది. పళ్ళు కొరకలేదు. మళ్ళీ పట్టుకున్నా. ఇప్పుడు తెల్ల టేపు చూసుకుని మెల్లగా కన్ను ఆనించింది.

మాట లేదు. నేను ట్యాంకు వైపు చూస్తున్నా, చుక్క అంచుకి వచ్చేస్తోంది.

అప్పుడు అంది, ఇంతేనా?

ఆవగింజంత ఉందేంట్రా! రంగేది? ఎరుపేది? దీనికా సైకిల్ తగలేశావు? ఆ బాక్స్ వాడికి సిగ్గుందా, గుమ్మడికాయంత వేశాడు! అంటూ కన్ను తీయకుండానే తిట్టింది. మొన్న ఎర్రగా ఉందన్నావుగా అన్నా. నోర్మూసుకో అంది. నా జన్మలో నన్ను ఎవరూ ఇంత హాయిగా తిట్టలేదు.

తర్వాత, ఆగు ఆగు, కదపకు అంది. సందు ఉందిరా. రెండు పక్కలా. నల్లగా, గోటితో గీసినట్టు. తగల్లేదు. ఎక్కడా తగల్లేదురా. ఆ మాస్టారు ఎక్కడున్నాడో గానీ చెప్పాలిరా, తగల్లేదు.

నన్నూ చూడమంది. నేను చూడలేదు. ఉన్న కాసేపూ దానికే ఉండాలి. ట్యాంకు మింగేదాకా అదే చూసింది. మింగాక కూడా కన్ను తీయలేదు.

ఫిబ్రవరి 16

అక్క పొద్దున్నే మళ్ళీ తలుపుకి గుద్దుకుంది. తలుపుని తిట్టింది.

మార్చి 1

అక్క కళ్ళకి ఉత్తరం.

శని సూర్యుడి వెనక్కి పోయింది. తిరిగొచ్చినప్పుడు తెల్లవారుజామున తూర్పున కనపడుతుంది. ఆ వైపు ట్యాంకు లేదు. అక్క ఇంకోసారి చూస్తానంది. అప్పటిదాకా మీరు ఆగాలి. వాపస్ తీసుకోం, బాక్స్ ఓపెన్ అయింది లాంటి మాటలు నా దగ్గర చెల్లవు. ఎండాకాలం దాటకముందే ఒక తెల్లవారుజామున గొట్టం పెడతా. జవాబు ఆ పూటే కావాలి, అక్క నోటితో. తిట్టినా సరే.