అమ్మ వేసిన ముద్దలు

సియెం రియాప్, కంబోడియా,
2018 అక్టోబరు 4, గురువారం.

చెల్లెలు చంతూకి,

అన్న ఫిరున్ ఆశీస్సులు. ఆ చేపల ఫ్యాక్టరీలో మంచుగడ్డల మధ్య నిలబడి పనిచేస్తూ కూడా నువ్వు ఆరోగ్యంగా ఉన్నావనీ, వేళకింత వేడిగా తింటున్నావనీ తలుస్తున్నాను. ఇక్కడ మేమూ క్షేమం అని దాని కిందే రాయాలి. ఆ మాట దగ్గరే అరగంట నుంచి కూర్చున్నాను. చెయ్యి రావడం లేదు.

నువ్వు థాయ్‌లాండ్ వెళ్ళి ఆరేళ్ళయింది. నా ఫోన్ ఎత్తవు. నంబరు మార్చావని ఈమధ్యే తెలిసింది. అందుకని ఈ ఉత్తరం పక్కింటి ఎత్ పిన్ని కూతురి చేతికిచ్చి పంపుతున్నాను. అది ఎల్లుండి అక్కడికే పనికి వస్తోంది. చింపెయ్యాలనిపిస్తే చింపేయ్, కానీ చదివాక చింపు.

అమ్మకి బాగాలేదు. జ్వరమూ కాదు, దగ్గూ కాదు. మతి పోతోంది. మనిద్దరం చచ్చిపోయామనుకుంటోంది. అసలు సంగతి ఇదే. మిగతాది వరసగా చెప్తాను.

సోమవారం ఏడుగురు గెస్టులతో మూడు రోజుల ట్రిప్పు మొదలైంది. గుళ్ళ దగ్గర వానే వాన. మంగళవారం పొద్దున బెంగ్ మీలియాలో రాళ్ళు పాకుడు పట్టి ఉన్నాయి. ఒకాయన జారి ధబీమని కూర్చున్నాడు. లేచి నాకేసి ఎలా చూశాడంటే, ఆ గుడి నేనే కట్టి నేనే కూలగొట్టానన్నట్టు. వాళ్ళలో మాలిస్ అని ఒకావిడ ఉంది. మనవాళ్ళే. శరణార్థి శిబిరంలో పుట్టి, చంటిపిల్లగా ఫ్రాన్స్ వెళ్ళిపోయిందట. మన భాష మూడేళ్ళ పిల్లలా ముద్దముద్దగా మాట్లాడుతుంది. గోడ మీద చెక్కిన ఆడవాళ్ళ ముఖాలు తడిమి, మా అమ్మమ్మ ఇలాగే ఉండేదా అని అడిగింది. ఉండేది అన్నాను. నా నోటికి ఉండేది అనడం ఎంతసేపు పని?

ఆ సాయంత్రమే బోటెక్కించి మన ఊరికి తీసుకొచ్చాను. ఈ ఏడు సరస్సు బాగా పొంగింది. స్తంభాల మీది మన ఇంటికి రెండు మెట్లే నీళ్ళ పైకి మిగిలాయి. అమ్మ ఎప్పటిలాగే వసారాలో ప్రహోక్ చేపపచ్చడి జాడీల పక్కన కూర్చుని వల బాగు చేసుకుంటోంది. ఎడం కంటిని కూడా పొర పూర్తిగా కమ్మేసింది. చేతులే చూస్తున్నాయి.

నీకు తెలిసిన తంతే. గైడ్లు సొంతింటికి గెస్టుల్ని తీసుకెళ్తే కంపెనీ ఒప్పుకోదు కాబట్టి, వాళ్ళ ముందు నన్ను కొడుకని పిలవద్దని అమ్మకి మొదట్లోనే చెప్పాను. అది ఆవిడకి పెద్ద ఆటయిపోయింది. గైడుగారూ, గైడుగారూ అంటూ గెస్టుల ముఖంలో ముఖం పెట్టి నవ్వుతూ, గైడుగారూ ఈ లావాయన మా వసారా విరగ్గొట్టేలా ఉన్నాడు, కాస్త ఆ స్తంభం పక్కన కూర్చోబెట్టండి అనేది. మీకు శుభం కలగాలని దీవిస్తోంది అని నేను వాళ్ళకి చెప్పేవాణ్ణి. వాళ్ళు చేతులు జోడించేవాళ్ళు.

తర్వాత నేనేం చెప్పేవాణ్ణో నువ్వు విన్నావు. ఎలా మొదలైందో మాత్రం నీకు తెలియదు. పదకొండేళ్ళ కిందట గెస్టుల్లో ఒక ముసలావిడ, ఈమెకి పిల్లలెందరని అడిగింది. నలుగురు, పెద్దవాళ్ళిద్దరూ పోల్ పోట్ కాలంలో ఆకలికి పోయారు అన్నాను. నిజమే కదా. కొసల్ అన్నయ్య, సారిన్ అన్నయ్య. ఆవిడ అమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. తర్వాత బ్యాచికీ అదే చెప్పాను, వాళ్ళూ ఏడ్చారు. ఆ తర్వాతోసారి వాన ముంచుకొస్తోంది, నాకు తొందరగా ఉంది. నలుగురూ పోయారు అనేశాను. నోరు జారిందనే అనుకున్నాను. ఈసారి బోటంతా ఏడ్చింది. ఆ సంగతి మా యజమాని చెవిన పడి, ఇకనుంచి ప్రతి ట్రిప్పులో ఆ మామ్మ ఇల్లు ఉండాల్సిందేనన్నాడు.

వాళ్ళంతా నన్ను చూసి ఎందుకేడుస్తున్నారురా అని అమ్మ అడిగింది. నీ వల ముడి ఒక్కటి కూడా జారదని చెప్పానమ్మా, పెద్ద వయసులో ఇంత కష్టమా అని బాధపడుతున్నారు అన్నాను. అప్పట్నుంచీ ఏడ్చే ప్రతి గెస్టుకీ ముడి వేసి, లాగి, చూడండి అన్నట్టు చూపించేది. అయినా మళ్ళీ వారం అదే చెప్పేవాణ్ణి.

హోటల్లో పనిచేసి ఇంగ్లీషు నేర్చుకున్న నువ్వు, ఆరేళ్ళ కిందట ఆ ఒక్కరోజు నాకు సాయంగా బోటెక్కావు. తిరిగొచ్చాక రేవులో నువ్వన్న మాట నాకిప్పటికీ గుచ్చుకుంటుంది. "నేనింకా పుట్టని ఏడాదిలో నన్ను చంపేశావేంటన్నయ్యా?" అన్నావు. నవ్వుతూ అన్నావు. నెల తిరక్కుండా వెళ్ళిపోయావు.

సరే, మంగళవారం సంగతికొస్తాను. నేను మంచినీళ్ళ డబ్బాలు దింపడానికి బోటు దగ్గరికి వెళ్ళాను. తాళ్ళు చిక్కుపడి ఆలస్యమైంది. తిరిగొచ్చేసరికి మాలిస్ అమ్మ పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. గెస్టుల్ని ఊళ్ళో బౌద్ధగుడి పక్కన బసకి పంపేసి వెనక్కొచ్చి, అమ్మా, కంట్లో మందు వేసుకున్నావా అని అడిగాను. మీకెందుకు గైడుగారూ ఆ శ్రమ అంది. నవ్వాను. వాళ్ళు వెళ్ళిపోయారమ్మా, నేనే అన్నాను. మీరూ వెళ్ళండి, చీకటి పడితే ఇక్కడ మీకు దారి తెలియదు అంది. ఆ ఇంట్లో పుట్టినవాణ్ణి చంతూ, నేను.

బుధవారం తెల్లవారుజామున గుడికి వెళ్ళాం. ఇవి పచుంబెన్ పితృదినాలు కదా, ఈ ఏడు అదీ ట్రిప్పులో చేర్చారు. అమ్మ ఏటా లాగే నువ్వులన్నం పళ్ళెంతో వచ్చింది. ఏటా రెండే ముద్దలు. కొసల్, సారిన్ అని పిలిచి నీళ్ళలో వేస్తుంది. ఈసారి నాలుగు వేసింది. మూడో ముద్దకి ఫిరున్ అని, నాలుగో దానికి చంతూ అని పిలిచింది. నేను రెండడుగుల దూరంలో గెస్టుల కోసం టార్చి పట్టుకుని నిలబడి ఉన్నాను.

పచుంబెన్ చివరిరోజు వచ్చే మంగళవారం. వీలైతే ఆలోపు రా. లేకపోతే ఎప్పుడైనా సరే రా. నీ ముఖం అమ్మ చేతులకి తగిలితే బతికున్నామని తెలుస్తుందేమో. నువ్వు కనిపిస్తే నేనూ గుర్తొస్తానేమో. నీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. అమ్మ నన్ను మళ్ళీ ఒరేయ్ అనాలి, అంతే నాకు కావలసింది.

నీ అన్న,
ఫిరున్.

తా.క.

కవరు అంటించి మళ్ళీ చింపాను. పైన రాసినదాంట్లో కొంత అబద్ధం. మతి పోయిందంటే జాలిపడి వస్తావని రాశాను. నీకు కూడా గైడు మాటలే చెప్పాను.

అమ్మ మతి మనందరికన్నా బాగుంది. ముద్దలు నాలుగు కాదు, మూడే. నీ పేరు పిలవలేదు.

ఆ సాయంత్రం మాలిస్, నలుగురు పిల్లలూ పోయారటగా మామ్మా అని అమ్మ చేతులు పట్టుకుని ఓదార్చిందట. ఎవరు చెప్పారని అమ్మ అడిగితే, గైడు చెప్పాడంది. అతను ప్రతివాళ్ళకీ చెప్తాడట కదా అని కూడా అంది. ఇవన్నీ అమ్మే నాతో చెప్పింది, గుళ్ళో, గెస్టులు బోటు వైపు నడిచాక. నేను చెయ్యి పట్టుకుని, అమ్మా, నేను ఫిరున్‌ని అన్నాను. చెయ్యి విడిపించుకుంది.

"తెలుసు. కంటికి పొర వచ్చింది గానీ మతికి రాలేదు. ఆకలి కాలంలో వాళ్ళిద్దరూ ఎలాగూ దక్కరని, నా గంజి కూడా నీకే పోసి నిన్ను దక్కించుకున్నాను. నువ్వు కూడా పోయావని ఊరూరివాళ్ళకీ చెప్పుకుంటున్నావు. సరే, అలాగే కానీ. ముద్ద వేశానుగా, తిని వెళ్ళు."

మరి చంతూ అన్నాను. "నా కూతురు బతికే ఉంది. అది అంతా విని, నేనెక్కడ ఏడుస్తానోనని చెప్పకుండా పోయింది" అంది. నిన్ను రమ్మనమని అడగలేదు. కానీ నీ పేరెత్తినప్పుడు ముఖం మారింది. నువ్వు రా. వచ్చాక నా మాట ఆవిడ దగ్గర ఎత్తకు.

బోటు కదిలాక మాలిస్ అడిగింది, నలుగురన్నారు కదా, మూడు పేర్లే పిలిచారేమని. గెస్టులందరికీ నేను టోనీనే, అసలు పేరు వాళ్ళకి తెలియదు. కూతురు బతికే ఉందని ఇప్పుడే తెలిసిందట అన్నాను. బోటులో అందరూ చప్పట్లు కొట్టారు. మాలిస్ నన్ను కౌగిలించుకుని ఏడ్చింది. మరి ఆ మూడో పేరెవరిదని అడిగింది.

చిన్నకొడుకు, వాడు నిజంగానే పోయాడు అన్నాను.