అత్త చేతికి పేరు

బుధవారం, రాత్రి

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. పొద్దున మా గొర్రె ఈనలేక అల్లాడింది. ఊళ్లో అందరూ ఇలాంటప్పుడు అత్తనే పిలుస్తారు. ఇప్పుడామె వేళ్లు వంగవు. అందుకే నన్ను పిలిచింది. అడ్డం తిరిగిన పిల్లను నేనే సర్ది బయటికి తీశాను. మామ అడిగితే అత్త మాత్రం, "నేనే తీసినాలే. నీ కోడలు నీళ్లు అందిచ్చింది" అంది.

సాయంత్రం అత్తతో కూర్చుని చూస్తే, టీవీలో ఆసుపత్రి సీరియల్లోనూ అదే. ఆపరేషన్ చేసింది చిన్న డాక్టరమ్మ, దండ వేయించుకున్నది పెద్ద డాక్టరు. ఉండబట్టలేక, "ఆ పిల్ల నోరు తెరవాల గదత్తా" అన్నాను.

అత్త నన్నోసారి చూసి, "తెరిస్తే ఉజ్జోగం పోతాది" అంది.

నాకు పోవడానికి ఉద్యోగం కూడా లేదు. మరి మామ ముందు నా నోరెందుకు పెగల్లేదో...