వెయ్యి ఇరవై నాలుగు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన చర్చిలో ఏడాది నిండాకే కదా, పోయినవాళ్ల జాబితాలో పేరు చేరుస్తారు. ఆ జాబితా కోసం నువ్వు రాసిన చిన్న ప్రోగ్రాముతోనే, ఆ పెర్ల్ స్క్రిప్టుతోనే, పొద్దున నీ పేరు చేర్చాను.

పాస్టరు అయ్యగారు జాబితా ఫైలు చూసి, "గిదేంది బిడ్డా, ఒక్క పేరే ఉంది? మిగతావన్నీ ఏడబోయినయ్?" అన్నారు.

ఆ స్క్రిప్టులో చివర చేర్చమనే ఆదేశానికి O_APPEND అని పేరు రాయమని ఎంత మొత్తుకున్నాను! "గనిలో నన్నే నంబరుతో పిలుస్తరు, దీనికి పేరెందుకే?" అని నవ్వి 1024 అని కొట్టావు. చర్చి పాత కంప్యూటర్లో ఆ నంబరుకు అర్థం చివర చేర్చమని. అది పాడైతే మొన్న తెచ్చిన కంప్యూటరు వేరే రకం. దీంట్లో అదే నంబరుకు అర్థం, ఉన్నదంతా తుడిచేయమని.

నంబరు తీసేసి పేరు పెట్టాను. చెరిగిపోయిన పేర్ల కోసం రేపు టేకులపల్లి గూడేల దాకా ఇంటింటికీ తిరగాలి. వాళ్ల ముఖం ఎలా చూడను?

"ఎవరు జేసిన్రు బిడ్డా ఈ తప్పు?" అని అడిగారు అయ్యగారు.

"నేనే" అన్నాను. ఆ ఫైల్లో మిగిలింది నీ పేరొక్కటే. ఆ పేరెలా చెప్పను?

నీ చెల్లి