ఊపిరి తీసేసిన పాట

అన్నయ్యకి,

నీ చెల్లి సరోజ దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. బాగానే అంటే జ్వరం లేదు, ఉద్యోగం ఉంది, రెండు పూటలా తింటున్నాను. నువ్వూ వదినా చిన్నదీ ఎలా ఉన్నారు? వారానికి మూడు రోజులు పలాస వెళ్ళి, రక్తం కడిగే మిషను పక్కన పడుకుని రావడం ఎలా సాగుతోంది? సూది గుచ్చే చెయ్యి వాపు తగ్గిందా? ఆ చేత్తో బిందెలు ఎత్తొద్దు. బోరు నీళ్ళు తాగొద్దు. కొబ్బరి బోండం మీదకు మనసు పోతుందని తెలుసు, అదీ వద్దు. ఉద్దానంలో పుట్టి బోండం మానేయడమంటే ఎంత కష్టమో నాకు చెప్పక్కరలేదు, అయినా వద్దు.

రోజూ ఫోనులో మాట్లాడుకుంటూ మళ్ళీ ఉత్తరమేమిటని వదిన నవ్వుతుంది. ఫోనులో నీకొక అబద్ధం చెప్పాను, అందుకని. పలాస స్టూడియోలో రికార్డు చేయించిన నీ జముకుల కథ ముక్క పంపించి, "ఏటే సరోజా, ఎలాగుంది? నిజం సెప్పు" అని అడిగావు. బాగుంది అన్నాను. బాగోలేదు అన్నయ్యా. నెలాఖరుకి కథంతా అలాగే తీయించేస్తానంటున్నావు కాబట్టి ఆలోగా చెప్పాలి. ఫోనులో నీ గొంతు వింటే నా నోట మళ్ళీ బాగుందనే వస్తుంది. అందుకే కాగితం మీద రాసి, ఫొటోలు తీసి వదిన ఫోనుకి పంపిస్తున్నాను. కోపం వస్తే రానీ, కానీ చివరిదాకా చదువు.

ముందు ఇక్కడి సంగతులు. నెలన్నర క్రితం నన్ను వృద్ధాశ్రమం డ్యూటీ నుంచి మార్చి, ఒక పెద్దాయన ఇంటికి వేశారు. పొద్దున్న ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా. రెండు బస్సులు మారి వెళ్ళాలి. ఆయన పేరు ఆర్థర్, ఎనభై ఆరేళ్ళు, నడుము కింద సత్తువ లేదు. ఎత్తి కూర్చోబెట్టాలి, ఎత్తి పడుకోబెట్టాలి. నర్సింగు చదివించి పంపావు, చేసేది మోత పని. మనిషిని మోయడం మోతే కాదని అమ్మ అనేది గానీ, అమ్మకి నా నడుము సంగతి తెలియదు.

ఇంగ్లండులో వాన మన వానలా వచ్చి కొట్టి పోదు, మొహమాటస్తుడైన చుట్టంలా ఇంట్లోకీ రాదు, పోనూ పోదు. మూడున్నరకే దీపాలు పెడతారు. నా గది చేరాక అన్నం వండుకునే ఓపిక లేక రొట్టె ముక్కలు తిని పడుకుంటున్నాను. వదిన పంపిన ఎండు నెత్తళ్ళు ఒక్కసారి వేయించాను. ఇల్లంతా పొగ గంట మోగింది, పక్క గదుల అమ్మాయిలు కిటికీలన్నీ తెరిచి చలిలో నిలబడ్డారు. ఇక పంపొద్దని చెప్పు, చింతపండు ఉంటే చాలు. ఏడుపు రావడం లేదు అన్నయ్యా, ఏడవడానికి కూడా కూర్చోవాలి కదా. అలసిపోయాను, అంతే.

మధ్యాహ్నం భోజనమయ్యాక పెద్దాయన పాట వింటాడు. ఏసుక్రీస్తు పుట్టుక నుంచి చావు దాకా, మళ్ళీ లేచి రావడం దాకా పాటగా చెప్పే పెద్ద కథ. కట్టి దాదాపు మూడు వందల ఏళ్ళయిందట. వేషాలు కట్టరు, చిందు వెయ్యరు, నిలబడి పాడతారు. ఒకరు కథ ఎత్తుకుంటే గుంపు వంత అందుకుంటుంది. చంకలో పెట్టి మీటే జముకు ఒక్కటి లేదు గానీ మన జముకుల కథ లాంటిదే కదా అనుకున్నాను మొదటి రోజు.

ఆయన దగ్గర అదే కథ రెండు రకాలుగా ఉంది. ఒకటి పాత నల్ల రికార్డు. ఎప్పుడో అరవై ఏళ్ళ కిందట ఆ ఊరి హాల్లోనే, ఊరి జనం నూరు మందికి పైగా చేరి పాడింది. వెనక పెద్ద మేళం. మెల్లగా, బరువుగా సాగుతుంది. అమ్మవారి రథం లాగుతుంటే చూడు, కదిలిందో లేదో తెలియదు గానీ కదిలితే ఇక ఆగదు, అలా. మొదటిసారి విన్నప్పుడు నాకు అదే నచ్చింది. కంబళి కప్పినట్టుండి నిలబడే కునుకు తీశాను.

రెండోది ఆయన కూతురు కొని తెచ్చిన సీడీ. అందులో పాడేది పదిహేను, పదహారు మందే. ఈ కథ కట్టిన కాలంలో ఎలా పాడి ఉంటారో పాత కాగితాలు వెతికి, ఆ కాలపు వాయిద్యాల్లాంటివే చేయించి పాడారట. ఫిడేళ్ళకి ఉక్కు తీగ కాదు, గొర్రె పేగు తీగ. తాత రోజుల్లో జముకుకి నరం కట్టేవారు, మనం వల దారం కట్టేశాం, గుర్తుందా? ఆ నరం పలుకే వినబడింది నాకు. నడక చురుగ్గా ఉంటుంది, మధ్యలో ఖాళీలుంటాయి. పాడేవాడు గాలి పీల్చుకోవడం వినిపిస్తుంది. శ్రుతి కూడా ఇప్పటి దానికన్నా అర మెట్టు కిందకి దించి పాడారు. ఈ దించడం సంగతి మళ్ళీ చెబుతాను, నీతో పని ఉంది.

ఆ సీడీ విన్న మొదటి రోజే నా పరువు పోయింది. ఒకాయన ఒంటరిగా కథ చెబుతున్నాడు. పాట కాదు, మాటకీ పాటకీ మధ్యన. ఒక మాట అని ఆగుతాడు, మేళం టక్కున ఒక్క దెబ్బ వేసి ఊరుకుంటుంది. ఆ సందులో నేను పైకి "ఊఁ" అనేశాను. ఆయన చెబుతాడు, నేను ఊఁ. చిన్నప్పుడు నీ పక్కన కూర్చుని ఊ కొట్టిన నోరు కదా, నన్ను అడిగిందా? పెద్దాయన కంగారుపడి పాట ఆపేశాడు. "నడుం పట్టేసిందా?" అని అడిగాడు. మా ఊళ్ళో కథ చెబుతుంటే ఎవరో ఒకరు ఊ కొట్టాలి, కొట్టకపోతే విననట్టు, చెప్పేవాడికి ముందుకు సాగదు అని చెప్పాను. నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. ఆ మర్నాటి నుంచి ఆయనా ఊ కొడుతున్నాడు, అదీ తప్పు చోట్ల. పాత రికార్డుకి కొట్టబోయాను, కుదరలేదు. అందులో సందు లేదు.

అయినా ఆయన ఎక్కువగా వినేది ఆ పాతదే. ఎందుకో పోయిన వారం చెప్పాడు. ఆ నూరు మందిలో ఆయన భార్య ఉంది. అప్పటికి పెళ్ళి కాలేదు, ఇరవై ఏళ్ళ పిల్ల. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు, ఈ రికార్డులోనే ఉంది, కానీ ఎక్కడుందో ఆయనకి తెలియదు. ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాడు. "నీవి పడుచు చెవులు, నువ్వు విని చెప్పు. పైస్థాయి ఆడగొంతుల్లో, ఎడమ చివర నిలబడేది" అన్నాడు.

నాలుగు రోజులు విన్నాను అన్నయ్యా. హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని, కళ్ళు మూసుకుని, ఆయన ఎదురుగా కూర్చుని. నూరు గొంతులు కలిసి ఒక గోడ అయిపోయాయి. గోడ గొప్పగానే ఉంది. అందులో ఇటుకని ఎలా వెతకను? అయిదో రోజు ఆయన ముఖం చూసి తట్టుకోలేకపోయాను. ఒక చోట ఒక గొంతు కొంచెం బయటికి వచ్చినట్టుంటే ఆపి, "ఇదిగో, ఇక్కడ" అన్నాను. ఉత్తి అబద్ధం. ఆయన చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మళ్ళీ విన్నాడు. ముఖం వెలిగి, ఆరిపోయింది.

"అది కింది స్థాయి గొంతమ్మా. ఆమెది కాదు. నాకు జాలి పంచేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను నిన్నడిగింది చెవి."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన కోప్పడలేదు, టీ అడిగాడు. తాగుతూ తనలో తను అనుకున్నట్టు, "ఆ రోజు పదహారు మందితో పాడించి ఉంటే నాకు ఆమె దొరికేది" అన్నాడు. పాత రికార్డు తప్పని ఆయన అనలేదు. ఇప్పటికీ అదే వింటున్నాడు, పోయిన మనిషి ఉన్న ఇల్లు అదొక్కటే కాబట్టి.

ఆ సాయంత్రం బస్సులో కూర్చుని నువ్వు పంపిన ముక్క మళ్ళీ పెట్టుకున్నాను. అప్పుడు తెలిసింది నాకు ఎందుకు నచ్చలేదో. నువ్వు దొరకలేదు అన్నయ్యా. కీబోర్డు ఉంది, డప్పు లాంటి మిషను మోత ఉంది, వంత కూడా నీ గొంతునే నాలుగు చేసి పెట్టారు. పైడయ్య మావని పిలవనే లేదట కదా, ఇరవై ఏళ్ళు నీకు వంత పాడిన మనిషి. "ఊపిరి సప్పుడు ఒక్కటి నేకుండా తీసేసినారే, కుర్రోడి గొంతులాగుంది" అని మురిసిపోయావు. "సిన్నదానికి కూడా పోలిక తెల్లేదు, ఎవులిది నాన్నా అనడిగింది" అని నవ్వావు. నేనూ నవ్వాను. నీ కూతురు నీ గొంతు విని ఎవులిది అని అడగడం నవ్వాల్సిన మాటేనా?

నువ్వు ఎందుకలా చేయిస్తున్నావో నాకు తెలుసు. జబ్బు చేశాక గొంతు లేవడం లేదని, అమ్మవారి పండగలో మధ్యలో ఆగిపోయావని, జనం ముందు తల దించుకున్నావని వదిన చెప్పింది. శ్రుతి దించి పాడమంటే ఒప్పుకోలేదట. "సుతి దించితే కత దిగిపోద్దిరా" అని తాత అన్న మాట పట్టుకుని కూర్చున్నావు. తాత అన్నది నలభై ఏళ్ళ వయసులో, రెండు పూటలా చేపల కూర తిని. ఇక్కడ మహా విద్వాంసులు శ్రుతి దించి పాడుతుంటే, అదే అసలు పద్ధతని జనం మెచ్చుకుంటున్నారు. నువ్వూ దించు. ఒక మెట్టు కాదు, రెండు దించు. కథ దిగిపోదు.

నేను అడిగేది ఇదీ. స్టూడియో మానెయ్యి. ఇంట్లోనే కూర్చుని ఫోనులో రికార్డు చెయ్యి. మిషను మీదకు వెళ్ళని రోజు, పొద్దుటి పూట, ఒంట్లో బాగున్నప్పుడు. జముకు, నువ్వు, పైడయ్య మావ, అంతే. వదిన ఊ కొడుతుంది. కథ ఒక్క రోజులో అవ్వక్కరలేదు, నెల పట్టనీ. ఆయాసం వస్తే ఆగు, నీళ్ళు గుక్కెడు తాగు, మళ్ళీ ఎత్తుకో. దగ్గితే దగ్గు.

ఇంట్లో అందరం నీకు తగ్గిపోతుందని అంటున్నాం. నేను ఈ పనిలోనే ఉన్నదాన్ని, నాకు తెలుసు. నీకూ తెలుసు. ఇన్నాళ్ళూ నీకు జాలి పంపాను, చెవి పంపలేదు. నాకు భయంగా ఉంది అన్నయ్యా. నేను రావడానికి ఇంకా ఏడాదిన్నర పడుతుంది, అప్పటికి ఏమవుతుందో నేను అనలేను. నువ్వు లేని రోజు ఒకటి వస్తే నేను దేన్ని పెట్టుకుని వినాలి? ఆ కుర్రోడి గొంతునా? అతను నాకేమీ కాడు. ఇప్పుడున్న గొంతే నాకు కావాలి, అరిగిపోయినదే.

పైడయ్య మావకీ, అత్తకీ నా దండాలు చెప్పు. చిన్నదాన్ని ముద్దాడు. నేను నిన్ను తిట్టలేదని వదినకి చెప్పు. నీ చేతి దీవెన నా తల మీద ఉండాలి, వాచిన చెయ్యి కాదు, రెండోది.

ఒక్క మాట. ఈ ఉత్తరం వదిన చేత చదివించుకోకు. నీ ఫోనులో రికార్డు నొక్కి పక్కన పెట్టుకుని, నువ్వే పైకి చదివి అది నాకు పంపించు. ఆయాసం వచ్చిన చోట ఆగు. ఆ ఆగిన దాన్ని మాత్రం తీసెయ్యకు.

నీ చెల్లి,
సరోజ